వీపు పట్టీ గురించి ఎవరూ మాట్లాడలేదు

ఆన్‌లైన్లో దుకాణం తెరవడం తేలికే. పాప నిద్రపోతుండగా ఒక మధ్యాహ్నం ఫోన్లోనే తెరిచేశాను. పేరు పెట్టాను, రంగులు దిద్దాను. లోపల పెట్టడానికి సరుకే లేదు.

నెలాఖరులోగా ఏం అమ్మాలో తేలకపోతే రాజమండ్రి కాలేజీలో ఉద్యోగానికి ఒప్పుకోవాలి. సోమవారం వెళ్తే శనివారం రావడం. ఏడాదిన్నర పాప ఇక్కడే అమలాపురంలో అత్తగారి దగ్గర ఉండాలి. ఆవిడ దాన్ని నాకంటే బాగా చూసుకుంటారు. నా భయమూ అదే. మా ఆయన కువైట్‌లో ఉంటారు. పాప ఆయన్ని ఫోన్లో కాపురముండే మనిషి అనుకుంటుంది. ఇంటికి అలాంటి మనిషి ఒకరు చాలు.

అమ్మే వస్తువు పగలకూడదు, కారకూడదు, చీమలు పట్టకూడదు అనుకున్నాను. పూతరేకుల్ని డబ్బాలో పెట్టి మేడ మీంచి పెరట్లోకి పడేసి చూశాను, కొరియర్ వాళ్లు అంతకంటే మెల్లగా వెయ్యరని. అత్తగారు డబ్బా విప్పి, మిగిలిన పొడి పాపకి చెంచాతో పెట్టారు. నూనె సీసా వంతు వచ్చేసరికి మేడ మెట్లకి అడ్డంగా కుర్చీ వేసుక్కూర్చున్నారు.

చివరికి అంబాజీపేట వైపు కొబ్బరి పీచు పని చేసేవాళ్ల దగ్గర రకానికో డజను తెచ్చాను. చిప్పతో చేసిన కొవ్వొత్తి స్టాండు, మొక్కల కుండీ, గుమ్మంలో వేసే పట్టా. వాటితో పాటు, రెండు చివర్లా పిడులున్న, వీపు రుద్దుకునే పీచు పట్టీ. అది నేను ఎంచింది కాదు, వాళ్లే అవీ ఓ డజను సంచిలో పడేశారు.

గురువారం మా ఇంట్లో ప్రార్థన కూడిక. టీలు అయ్యాక అన్నీ బల్ల మీద పరిచి, వచ్చినవాళ్లని ఎలా ఉన్నాయని అడిగాను.

"ఆయ్, చాలా బాగుందండీ" అన్నారు స్టాండు చూసి. కుండీ కూడా బాగుంది. పాప నములుతున్న పట్టా కూడా బాగుంది. వీపు పట్టీ దగ్గరకొచ్చేసరికి మాత్రం అందరూ ఒక్కసారిగా పాపను ముద్దు చేయడం మొదలుపెట్టారు.

అత్తగారు నన్ను వంటింట్లోకి పిలిచారు. "మనవాళ్లు బాగుందన్నారంటే టీ బాగుందని, అమ్మాయ్."

"మరి ఎలా తెలుస్తుందండీ?"

"వాడమని ఇచ్చి పంపించు. వారం పోతే మొహమాటం కాస్త అరుగుతుంది."

అందరికీ తలో సంచి ఇచ్చాను, అన్ని రకాలూ వేసి. "వాడి చూసి చెప్పండి" అన్నాను. చదువుకున్నదాన్ని కదా, దాన్ని మార్కెట్ పరిశోధన అనుకున్నాను. వాళ్లు అరువు అనుకున్నారు. మా వైపు ఒకరి వస్తువు తిరిగిచ్చేటప్పుడు ఉత్త చేతులతో ఇవ్వరు.

మళ్లీ గురువారానికి సంచులన్నీ వచ్చేశాయి, జంతికలతో, పనస తొనలతో, చక్కెరకేళీలతో. "అమ్ముకునేవి కదమ్మా, మా దగ్గర పాడైపోతాయని తెచ్చేశాను" అన్నారు ఒకావిడ. వస్తువులు ఎంత నచ్చకపోతే సంచి అంత బరువు. ఒక సంచి వెంట ఏకంగా అరటి గెల వచ్చింది.

సంచులు సర్దుతుంటే తెలిసింది, ఒక్కదాంట్లోనూ వీపు పట్టీ లేదు.

అంత అసహ్యంగా ఉందా, పారేశారా? పెద్దవాళ్ల వీపులు, పీచు గీసుకుని పుండు పడితే? షుగరున్నవాళ్లు ఎంతమంది ఉన్నారో కూడా అడగలేదు. ఇంటింటికీ వెళ్లి క్షమాపణ చెప్పుకుందామని చీర మార్చుకుంటుంటే, పక్కింటి పంతులమ్మగారు పెరటి గుమ్మంలోంచి వచ్చారు. కూడికలో అందరికంటే పెద్దావిడ, రిటైరై చాలా కాలమైంది.

"మీ అత్తగారు లేరు కదమ్మా?"

"స్నానం చేస్తున్నారండీ."

ఆవిడ గొంతు తగ్గించారు. "ఆ పట్టీ ఉంది చూడు..."

"గీసుకుందాండీ? డాక్టరు గారి దగ్గరికి వెళ్దాం, నేను తీసుకెళ్తాను."

"గీసుకోడమేంటి? మా ఆయన పోయింతర్వాత నా వీపు మధ్యకి చెయ్యందినవాళ్లే లేరు. ఎవర్ని అడుగుతాం, కోడల్నా? నాది ఇవ్వను గానీ, రాజోలులో మా చెల్లెలికి ఇంకోటి కావాలి. కూడికలో మాత్రం ఈ మాట ఎత్తకమ్మా, బాగోదు."

స్నానాలగదిలోంచి అత్తగారి గొంతు వినిపించింది. "నాది కూడా ఇచ్చేది లేదు, వదినగారూ."

పంతులమ్మగారు వచ్చిన దారినే వెళ్లిపోయారు.

దుకాణంలో పెట్టాలంటే ఫొటో కావాలి. పట్టీని ఒక్కదాన్నే తీస్తే గేదెని కట్టే పలుపులా ఉంది. ఎవరో ఒకరు వీపు ఇవ్వాలి. అత్తగారి వైపు చూశాను.

"ముందు కాలేజీకి ఫోన్ చేసి రానని చెప్పు. అప్పుడు నిలబడతాను."

"అమ్ముడుపోకపోతేనండీ?"

"వీపు లేనివాళ్లు ఎవరైనా ఉన్నారా?"

ఫోన్ చేశాను. అవతలాయన మర్యాదగానే విన్నారు. పెట్టేశాక పాపని ఎత్తుకుని చాలాసేపు దించలేదు. అది విసుగొచ్చి నా ముక్కు పట్టుకుని లాగింది.

అత్తగారు పెరటి గోడవైపు తిరిగి నిలబడ్డారు, పైట నిండా కప్పుకుని, పట్టీని భుజం మీంచి వేసి రెండు పిడులూ పట్టుకుని. "ముఖం పడిందంటే ఒప్పుకోను" అన్నారు.

"పడదండీ. కాస్త కదపండి."

కదిపారు. నాలుగు ఫొటోలు తీశాను.

"అయిపోయిందండీ."

"ఉండమ్మాయ్" అన్నారు, గోడవైపే చూస్తూ, పట్టీ కదపడం ఆపకుండా.