యాసిడ్ అని చెప్పాను

మా అమ్మాయి పుట్టకముందు నుంచీ ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. దాన్ని ఎక్కడో దాచిపెట్టలేదు. నా చేతుల మీదే, అందరికీ కనిపించేటట్టే ఉండేది. ఎవరూ దాన్ని అబద్ధమనుకోలేదు, అంతే. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీతో చెప్పడానికి నోరు వస్తోంది.

నా చేతుల వెనకవైపు, వేళ్ళ మీద, పాదాల మీద చిన్న చిన్న మచ్చలు. కొన్ని నల్లవి, కొన్ని తెల్లవి, మినుములూ బియ్యమూ కలిపి చల్లినట్టు. నొప్పి లేదు, దురద లేదు. మా నాన్నకూ ఉండేవి, మా మేనత్తకూ ఉండేవి. ఇద్దరూ నా పెళ్ళికి ముందే పోయారు. పెళ్ళి కుదిరినప్పుడు, ఎవరైనా అడిగితే యాసిడ్ పడిందని చెప్పమంది మా అమ్మ. అప్పటికే నేను చెన్నై శివారు మనలిలో ఒక కెమికల్ ప్లాంటులో ఆపరేటర్ని. నమ్మడానికి వీలైన అబద్ధం. నా భార్య సుగుణ నమ్మింది. పాదాల మీద కూడా పడిందా అని అడిగింది. పడింది అన్నాను. పెళ్ళైన కొత్తలో ఆ మచ్చలకు కొబ్బరినూనె రాసేది.

సుగుణ పురసవాక్కంలో ఒక బట్టల అంగట్లో పట్టుచీరల దగ్గర ఉండేది. చీర మడత విప్పి భుజం మీద వేసుకుని చూపించిందంటే వచ్చినవాళ్ళు వేరే చీర అడిగేవాళ్ళు కాదు. కడుపుతో ఉన్నప్పుడు కూడా పనికి వెళ్ళింది. దివ్యకు మూడేళ్ళు వచ్చేసరికి చేతుల మీద మచ్చలు తేలాయి. అవేమిటో మా అమ్మ చూడగానే గుర్తుపట్టింది. నావైపు ఒకసారి చూసింది. తర్వాత సుగుణవైపు తిరిగి, "కడుపుతో వుండి ఆ అంగడికి పోవద్దంటే ఇన్నావా? ఆ బట్టల రంగంతా బిడ్డకి ఎక్కింది పార్, చూడు" అంది.

నేను అక్కడే ఉన్నాను. అన్నం తింటున్నాను. తినడం ఆపలేదు.

ఎందుకు ఆపలేదు? అమ్మకు భయపడ్డానా? పెళ్ళికి ముందు చెప్పిన చిన్న అబద్ధాన్ని ఒప్పుకుంటే దాంతో పాటు నేనూ చిన్నవాణ్ణైపోతానని భయపడ్డానా, లేక తప్పు ఇంకొకరి మీద పడుతుంటే పడనివ్వడం హాయిగా ఉండి, ఆ హాయికి భయమని పేరు పెట్టుకున్నానా? ఇప్పటికీ తేల్చుకోలేను. సుగుణ మాత్రం పని మానేసింది. సాయంత్రాలు పిల్ల చేతులు ఒళ్ళో పెట్టుకుని ఏవేవో లేపనాలు రాసేది. అంతా తన వల్లేనని ఏడ్చేది. కొన్నేళ్ళకు అమ్మ పోయింది. అబద్ధం నా ఒక్కడికే మిగిలింది.

దివ్య ఇప్పుడు కాలేజీలో బయాలజీ చదువుతోంది. ఈ మచ్చలకు కారణం తెలుసుకోవాలని పట్టుబట్టింది. చర్మం డాక్టరు మమ్మల్ని జన్యువుల డాక్టరు దగ్గరికి పంపాడు. ఆమెది ఆంధ్రా. ముగ్గురి రక్తమూ తీయించింది. నా చేతులు చూసి ఎప్పటినుంచి అని అడిగింది. యాసిడ్ అన్నాను, కూతురి ఎదుటే. ఆమె దివ్య చేతులవైపు ఒకసారి చూసి, రాసుకుంది.

ఫలితాలు వచ్చాక మళ్ళీ పిలిచింది. "అమ్మా, మీరు చేసిందేం లేదండి. ఇది పాప నాన్నగారి వైపునుంచి వచ్చింది" అని సుగుణతో చెప్పి, కాగితం మీద గీస్తూ వివరించింది. డీఎన్ఏ అసలు రాత. కణం దాన్ని చూసి ఆర్ఎన్ఏ అనే నకలు తీసుకుని, ఆ నకలుతో పని నడుపుతుంది. నకలు తీశాక కొన్ని ఎంజైములు వచ్చి అందులో అక్కడక్కడ ఒక్కో అక్షరాన్ని మారుస్తాయట.

"పొరపాటునా?" అంది దివ్య.

"కాదమ్మా, మన మేలుకే. వైరస్ ఆర్ఎన్ఏని ఒళ్ళు గుర్తుపట్టి తిరగబడుతుంది కదా. మన సొంత ఆర్ఎన్ఏ కూడా కొన్నిచోట్ల మడతపడి అచ్చం అలాగే కనిపిస్తుంది. ఈ ఎంజైమ్ అక్షరాలు మార్చబట్టే ఒళ్ళు దాన్ని తనదేనని వదిలేస్తుంది. ఇది సరిగా పనిచేయని పసిపిల్లల్లో మెదడు దెబ్బతినొచ్చు. నీకు ఈ ఎంజైమ్‌ని తయారుచేసే జన్యువు రెండు ప్రతుల్లో ఒకటి బాగానే ఉంది, అందుకే మచ్చలతో ఆగింది. చేతులూ కాళ్ళ మీదే ఎందుకో మాకూ పూర్తిగా తెలీదు."

నా చేతులవైపు చూసుకున్నాను. మా ప్లాంటులో అప్పుడప్పుడూ అన్నీ ఆపి, విప్పి, బాగుచేసి మళ్ళీ మొదలుపెడతాం. ఇక్కడ ఆపడమే లేదు. నేను తింటున్నప్పుడూ, నిద్రపోతున్నప్పుడూ, అబద్ధం చెబుతున్నప్పుడూ, లెక్కలేనన్ని కణాల్లో, కంటికి ఆనని ఆ పని సాగుతూనే ఉంది. ఒక్క మంచి ప్రతితోనే మా నాన్నను, నన్ను, నా బిడ్డను కాపాడుకుంటూ వచ్చింది. ఏ గుడిలోనూ నాకు ఒళ్ళు అలా జలదరించలేదు. ఇంత పెద్ద సంగతికి నేను యాసిడ్ అని పేరు పెట్టానా?

అప్పుడు సుగుణ నా చెయ్యి పట్టుకుంది. "పాపం, మీకు మాత్రం ఏం తెలుసు? మీరూ యాసిడ్ అనే అనుకొని వుంటిరి" అంది.

డాక్టరు తల వంచుకుంది.

నా అబద్ధాన్ని ఎవరూ పట్టుకోలేదు. ఇంకో అబద్ధం కూడా అక్కరలేదు, ఊరుకుంటే చాలు. ఇంటికి వెళ్ళేదాకా ఊరుకున్నాను కూడా. దివ్య స్నానానికి వెళ్ళింది. సుగుణ వంటింట్లో బియ్యం కడుగుతోంది. గడప దగ్గర నిలబడి చెప్పాను.

"నాకు తెలుసు సుగుణా. మొదటినుంచీ తెలుసు. మా నాన్నకీ వుండె."

ఆమె చేతులు నీళ్ళలోనే ఉండిపోయాయి. "అత్తకి?"

"తెలుసు."

"నేను ఆ బిడ్డ చేతులు పట్టుకొని ఏడస్తా వుంటే మీరు ఈడే వుంటిరి గదా?"

"ఈడనే వుంటిని" అన్నాను.

ఆమె బియ్యం పొయ్యి మీద పెట్టి, నా పక్కనుంచి బయటికి వెళ్ళింది. దివ్యకు తనే చెప్పింది. ఆ రోజు నుంచి ఇద్దరూ నాతో అవసరమైనంతే మాట్లాడుతున్నారు. క్షమించమని అడగలేదు, అడిగే ముఖం లేదు. కానీ ఎవరైనా నా చేతులు చూసి ఏమైందని అడిగితే, పుట్టుకతో వచ్చినవి, మా నాన్నవి అని చెబుతున్నాను. చెప్పిన ప్రతిసారీ ఊపిరి కొంచెం లోపలిదాకా పోతోంది.