బల్ల పక్క ట్రే

మడ మొక్కల నర్సరీలో ఆవిడ నాలుకే మీటరు. పాయలోంచి తోడిన ఉప్పునీళ్లు పోసి పెంచే మొక్క, తాగిన ఉప్పును ఆకు మీదికి చెమటలా నెట్టేస్తుంది. ఆవిడ మోకాళ్ల మీద చేతులాన్చి వంగి, ఆకును తుంచకుండా నోటి దగ్గరికి లాగి, నాలుక కొసతో అద్ది, ఒక కన్ను మూస్తుంది. ఉప్పగా తగిలితే, "ఇది బతకడం నేర్చింది, బురదలో నాటేయండి" అంటుంది. చప్పగా ఉంటే ట్రే కదలదు. ఇరవై ఏళ్లుగా ఆ మాటకు తిరుగులేదు.

మూడు నెలల కిందట ఆవిడకు బీపీ ఉందని డాక్టరు ఉప్పు తగ్గించమన్నాక, కోడలు అసలు ఉప్పే వేయని కూర కట్టి పంపుతోంది. అత్తగారు పేచీ పెట్టలేదు. డబ్బా తుడిచినట్టు ఖాళీగా తిరిగొచ్చేది, కోడలు మురిసిపోయేది. ఒక మధ్యాహ్నం, మరిచిపోయిన గొడుగు ఇవ్వడానికి కోడలు నర్సరీకి వెళ్లింది. అత్తగారు అప్పుడే భోజనం ముగించి, బల్ల పక్కనున్న ట్రేను చూపించింది. "ఇదొక్కటే మొండికేసిందమ్మా. మూడు నెలలైంది, ఎప్పుడు చూసినా చప్పగానే ఉంటుంది."

కోడలు ఒక ఆకు నాకి చూసింది. నిజమే, చప్పగా ఉంది. అవతలి వరసలో ఇంకోటి నాకితే నోరంతా ఉప్పు. ఖాళీ డబ్బా వైపు ఒకసారి, అత్తగారి వైపు ఒకసారి చూసింది.

"ముద్దకో ఆకా, అత్తయ్యా?"

"డ్యూటీయేనమ్మా..." అంటూనే అత్తగారు నాలుక కరుచుకుంది.

మర్నాటి నుంచి కూరలో చిటికెడు ఉప్పు పడింది. ఆ వారంలోనే బల్ల పక్క ట్రే నాటడానికి సిద్ధమైంది.