అత్తగారి రూపాయి మీద పంది

మొన్న వరలక్ష్మీ వ్రతానికి కొత్తపేటలో మా అత్తారింట్లో నేను చేసిన ఘనకార్యం నేనే చెప్పేస్తానండీ. మా ఆవిడ చెబితే ఇంకాస్త కలుపుతుంది.

ఈమధ్య ఫోన్లో పాత నాణేల వీడియోలు తెగ చూస్తున్నాను. మొహం ఎటు తిరిగుందో చూసి ఏ రాజో చెప్పేస్తాను. విక్టోరియా రాణి ఎడమకి, ఎడ్వర్డు కుడికి, అయిదో జార్జి మళ్ళీ ఎడమకి. ఈ జార్జిగారి మొదటి రూపాయిల్లో ఓ గమ్మత్తుంది. ఆయన అంగీ మీద బుల్లి ఏనుగుని చెక్కితే, తొండం కుదరక పందిలా వచ్చింది. జనం గోల చేసేసరికి దొరలు వెనక్కి తీసేసుకున్నారు. మిగిలినవాటికి ఇప్పుడు మంచి రేటు.

మా అత్తగారి పూజలో ఓ వెండి రూపాయుంది. వాళ్ళ నాయనమ్మగారి నాటి నుంచీ అదే లక్ష్మీదేవి. తోమితే లక్ష్మి పోతుందని ఏనాడూ తోమలేదు. ఏటా కుంకుమ మీద కుంకుమే. హాలు నిండా పేరంటాళ్ళుండగా నేను భూతద్దం తీసేను.

"అత్తయ్యగారూ, ఈయన అయిదో జార్జి!"

"ఎవరైతే ఏంటి బాబూ. దాని మీద ఏనుగుంది. మా నాయనమ్మ గజలక్ష్మి అనేది."

"మీకు తెలీదు, ఉండండి" అన్నాను. అల్లుణ్ణి కదా, అనొచ్చు.

చూద్దును కదా, తొండం లేదు! గుండ్రటి ఒళ్ళు, పొట్టి మూతి.

"పంది! మీ లక్ష్మీదేవి మీద పందుందండీ!"

హారతి పళ్ళెం పట్టుకున్నావిడ అలాగే ఆగిపోయింది. ఎవరో "శివశివా" అన్నారు. మా అత్తగారికి కళ్ళనీళ్ళు తిరిగేయి.

"ఇన్నేళ్ళూ నేను పూజ చేసింది పందికా బాబూ?"

"ఏడుస్తారేంటండీ, లక్షలు చేస్తుంది!" అన్నాను. మా ఆవిడ చూసిన చూపు మాత్రం చెప్పలేను.

అత్తగారు రూపాయి పుచ్చుకుని పెరట్లో కుళాయి దగ్గరికి నడిచేరు. "కడక్కండి, విలువ పోద్ది!" అని వెనకాలే పరిగెత్తేను. "పోనివ్వండి" అని విభూది వేసి తోమేరు. ఎర్రటి పెచ్చొకటి ఊడి పడింది. మూడు తరాల కుంకుమ. దాని కింద శుభ్రంగా, పొడుగ్గా తొండం. వెనక సంవత్సరం కూడా తేలింది. పందిని సరిచేసేక కొట్టిన రూపాయే అది.

ఆవిడ దాన్ని కళ్ళకద్దుకుని, మళ్ళీ కుంకుమ పెట్టి పూజ కానిచ్చేరు. భోజనాల దగ్గర నాకు రెండో బూరె వేస్తూ మెల్లిగా అడిగేరు, "ఏనుగేనా బాబూ?"

"ఆయ్, ఏనుగేనండీ."

సాయంత్రం అమలాపురం బస్సుకోసం నిలబడితే, పేరంటానికొచ్చినావిడ వాళ్ళాయనకి నన్ను చూపించింది. "అరుగోనండీ, ఆ పంది అల్లుడుగారు!"

కోనసీమ కదండీ, గారు మాత్రం తీసెయ్యలేదు.