సెకండాఫ్‌లో ల్యాగ్

మా ఆయన సినిమా ఎడిటర్. ఫిల్మ్‌నగర్‌లో మేముండే ఇంట్లోనే, కింది గదిలో ఆయన పని. ఆ గదిలోకి వెళ్లిన ఏ సినిమా అయినా పొట్టిదయ్యే బయటికొస్తుంది. అది ఆయన వృత్తి, కాదనను. కానీ హిమాలయాలను కూడా అలాగే చేస్తానంటే ఎలా ఊరుకుంటాను?

హిమాలయాల పొడవునా సాగే ఓ పెద్ద కాలిబాట ఉంది. అందులో ఒక్క ముక్కయినా, ఆరు రోజుల నడక, నా కాళ్లతో నేను పూర్తి చేయాలని ఎన్నాళ్లనుంచో కోరిక. కనుమ ఎక్కి అవతలి లోయలోకి దిగాలి. మ్యాపు తెచ్చి ఆయన ముందు పరిచాను.

"ఫస్టాఫ్ బాగుంది. సెకండాఫ్‌లో ల్యాగ్ ఉంది," అన్నారు.

"కొండకి ల్యాగేంటండీ?"

"మూడో రోజు నడక. నాలుగో రోజూ నడకే. రిపీట్ కదా? అక్కడ కట్ చేసి, చుట్టూ జీపు రోడ్డుంది, నేరుగా క్లైమాక్స్‌కి వెళ్లిపోదాం. రెండు రోజుల్లో అయిపోతుంది."

"దాన్ని ట్రెక్ అనరు, ట్రైలర్ అంటారు."

ఈ వాదన భోజనం దగ్గర మొదలై మర్నాటి కాఫీ దాకా సాగింది. చివరికి ఆయనే పందెం పెట్టారు. వీపున బరువు సంచితో మధురానగర్‌లోని మా చెల్లెలింటికి నడిచివెళ్లి, నడిచే రావాలి. దారిలో కారెక్కానా, జీపుకి ఒప్పుకోవాలి. ఎక్కకపోతే రూటు మీద కత్తెర పెట్టరు. సాక్షిగా ఆయన వెనకాలే వస్తారట. కారులో!

మా జూబ్లీహిల్స్ వైపు నడక అంటే పార్కుకి కారులో వెళ్లి, నడిచి, మళ్లీ కారులో రావడం. రోడ్డు మీద నడిచేవాళ్లను చూసి జాలిపడతారు. రెండు మలుపులు తిరిగానో లేదో, మా వీధావిడ కారాపింది.

"అయ్యో, బండి ట్రబులిచ్చిందాండీ? ఎక్కండి, దింపేస్తా."

"లేదండీ, ఊరికే నడుస్తున్నా."

ఆవిడ నా వీపు మీది సంచిని చూసింది. వెనకాల నత్తలా పాకుతున్న మా కారునీ, అందులో మా ఆయననీ చూసింది. గొంతు తగ్గించింది.

"కోపంలో తొందరపడకండి. ఎంతయినా వెనకాలే వస్తున్నారు కదా, పాపం."

నేను నోరు తెరిచేలోపు వెళ్లిపోయింది. కిటికీలోంచి మా డ్రైవరు మొదలుపెట్టాడు. "అమ్మా, జర కూసోండ్రి. మీరు గిట్ల నడిస్తే నాకు బండి నడుపుడు రాదనుకుంటరు."

"నువ్వు సార్‌ని చూసుకో," అన్నాను.

చెల్లెలింట్లో మజ్జిగ తాగి వెనక్కి తిరిగేసరికి, ఆయన ఫోన్లో ఎవరికో "అబ్బే, గొడవేం లేదండీ, ప్రాక్టీసు," అని చెబుతున్నారు. నిర్మాతట. నేను అలిగి ఇల్లు వదిలానన్న మాట అప్పుడే అక్కడిదాకా పాకింది! ఫోను పెట్టేసి కారు దిగారు. "పద, పక్కనే నడుస్తా. జంటగా కనిపిస్తే నోళ్లు మూతపడతాయి."

చదునుగా ఉన్నంతసేపూ బాగానే నడిచారు. ఎత్తు మొదలయ్యాక మాటలు తగ్గాయి. సగం ఎత్తులో ఓ బండరాయి మీద కూలబడ్డారు. నీళ్లిచ్చాను.

"నేను ఆరు రోజులు నడవలేనే," అన్నారు, నావైపు చూడకుండా. "ఆ మాట ఎలా చెప్పాలో తెలీక ల్యాగ్ అన్నాను."

నాకు కోపం రావాలి. నవ్వొచ్చింది. "అయితే ఇన్నేళ్లూ ల్యాగని కోసేసిన సీన్లన్నీ మీకు ఆయాసం వచ్చినవేనా?"

నీళ్ల సీసా మూత బిగించి, వృత్తిలోకి వచ్చేశారు. "పారలల్ కట్ వేద్దాం. మొదటి రెండు రోజులు ఇద్దరం. తర్వాత నువ్వు కనుమ మీద, నేను జీపులో. క్లైమాక్స్‌లో కలుద్దాం."

"ఒక్క గంట కూడా కొయ్యరు కదా?"

"కొయ్యను."

"నేను దిగేసరికి టీ వేడిగా ఉండాలి. అక్కడ కూడా ల్యాగ్ అంటే ఊరుకోను."

ఆయన కారెక్కారు. నేను సంచి సర్దుకుని మిగతా ఎత్తు ఎక్కాను.