గడ్డి అరలో జనరేటర్

నా చిన్నప్పుడు పాల్మాకుల దగ్గరి మా ఊరికి కరెంటు చుట్టపుచూపుగా వచ్చేది. మా తాతయ్య దగ్గర మాత్రం గ్యాస్‌నూనెతో, అంటే కిరోసిన్‌తో, నడిచే చిన్న జనరేటర్ ఉండేది. ఎక్కడికైనా ఎత్తుకుపోవచ్చని చెప్పి అమ్మారట. ఎత్తుకుపోవచ్చు, నిజమే, మోయడానికి నలుగురుండాలి. ఆ మాటకు అందరూ నవ్వితే తాతయ్య నవ్వేవాడు కాదు. నలుగురు మోసేది ఇంకొకటుంది కదా.

మా మేనత్త కాన్పుకని పుట్టింటికి వచ్చిన రోజులవి. కొడుకు పుట్టాక ఒక సాయంత్రం ఇంట్లో కృతజ్ఞత కూడిక పెట్టారు. ముసురు పట్టింది, కరెంటు పోయింది. తాతయ్య చుట్టాలను తీసుకురావడానికి వెళ్లాడు. జనరేటర్ వసారాలో మోగితే చర్చి అయ్యగారి ప్రార్థన దేవుడికి వినబడినా మనకు వినబడదని, మా నాన్న దాన్ని గడ్డి అరలోకి జరిపించి, తలుపు మూసి, సందుల్లో గోనెసంచులు కుక్కాడు. మోత తగ్గింది. ఎంత తెలివి అని అందరూ మెచ్చుకున్నారు. ఆ అరకూ అత్త పడుకున్న గదికీ నడుమ ఉన్నది చెక్కల అడ్డమే.

పాటలు సాగుతుండగా బల్బులు ఎర్రబడ్డాయి. మైకు గొంతు బొంగురుపోయింది. నాన్న వెళ్లి ఇంజను జోరు పెంచి, దగ్గుకుంటూ వచ్చాడు. వెలుగు ఒక్కసారి ఎగిసి, మునుపటికన్నా కిందికి పడిపోయింది. తల తిరుగుతోందని లోపలినుంచి అత్త అంది. "బాలింతవు బిడ్డా, గట్లనే ఉంటది" అంది పక్కింటి అవ్వ. అప్పటిదాకా గుక్కపెట్టి ఏడ్చిన పసివాడు ఊరుకున్నాడు. దేవుడు విన్నాడని అందరూ సంతోషపడ్డారు. నా భక్తి మాత్రం బూందీ పళ్లెం మీదే ఉంది.

అప్పుడొచ్చాడు తాతయ్య, తడిసి ముద్దయి.

"ఏందిర, లైట్లు గిట్ల సచ్చిపోతున్నయ్?"

"ఓల్టేజీ అందుతలేదు బాపు. జోరు పెంచినా మళ్ల పడుతుంది."

తాతయ్య మైకు తీయించాడు, ఫ్యాను ఆపించాడు, ఒక్క బల్బే ఉంచాడు. భారం తగ్గితే వెలుగు పెరగాలి. పెరగలేదు. అయితే జబ్బు తీగలది కాదు, ఇంజనుదే. ఆయన చెవి నిక్కించి విన్నాడు. ఆయాసపడే మనిషిలా అది ఆగి ఆగి కొట్టుకుంటోంది.

"ఏడ వెట్టినవ్‌ర దాన్ని?"

నాన్న చెప్పాడు. తాతయ్య ముఖంలో నెత్తురు ఇంకిపోయింది. "దానికే గాలి అందుతలేదుర! పొగంత ఆ గదిలకే పోతది, తల్లీపిల్లను బయటికి తేండ్రి!"

ఇంజను ఆర్పడానికి ఆగలేదు, ముందు అత్త గదిలోకి ఉరికాడు. అత్తను నాన్న భుజాన వేసుకొచ్చాడు. పసివాడు తాతయ్య చేతుల్లో తడిగుడ్డలా వేలాడుతున్నాడు. వానలో నిలబడి వాడి అరికాళ్లు రుద్దుతూనే ఉన్నాడాయన. లోపల ఇంజను ఎక్కిళ్లు పెట్టి, తనంతట తానే ఆగింది. చీకటి. ఆ చీకట్లో సన్నగా ఒక ఏడుపు. దాన్ని విని ఏడవనివాళ్లు లేరు.

తాతయ్య నాన్నను తిట్టలేదు. గోనెసంచులు లాగేస్తూ, "అది చెప్పుకుంటనే ఉన్నది. మనమే దాని నోరు మూసినం" అన్నాడంతే.

ఇప్పుడు శంషాబాద్‌లో మా అపార్టుమెంటు మీదుగా విమానాలు పోతుంటే కిటికీలు మూయమని కోడలు గోల పెడుతుంది. నేను ఒక రెక్క తెరిచే ఉంచుతాను. నాకు గాలి సోకిందంటుంది, ఒప్పుకుంటాను. చంటి మనవరాలు ఏడ్చి ఏడ్చి ఊరుకుంటే ఇంటిల్లిపాదీ హమ్మయ్య అనుకుంటారు. నేను మాత్రం లేచి వెళ్లి, దాని ముక్కు దగ్గర వేలు పెట్టి చూసి వస్తాను.