తుమ్మచెట్టు కింద ఏడుగురు

పోయిన వారం ఆఫీసులో పోలీసుల చలానా మిషను సాఫ్ట్‌వేర్ పరీక్షిస్తుంటే 'తీసుకున్న చర్య' అన్నచోట నాలుగు గడులు కనిపించాయి: హెచ్చరిక, జరిమానా, వాహనం స్వాధీనం, కోర్టు. అధికారి వాటిలో ఒకటే నొక్కాలి. జాబితాలంటే నాకు ఇష్టమే. అయినా ఆ నాలుగూ చదవగానే గార్లదిన్నె వైపు మట్టిరోడ్డు, హెడ్ కానిస్టేబుల్‌గా రిటైరైన మా మేనమామ గుర్తొచ్చారు.

అప్పుడు నేను ఇంజనీరింగ్ చివరి ఏడాది. కాలేజీ బస్సు తప్పిపోతే, డ్యూటీకి పోతున్న మామ తన బండి ఎక్కించుకున్నాడు. ఆయన ఖాకీ చొక్కాకు గంజీ కొబ్బరినూనే కలిసిన వాసన ఉండేది. ఏడూ ఇరవైకి ఒక ఆటో ఎదురైంది. ఏడుగురు పట్టే ఆటోలో పద్నాలుగు మంది ఆడవాళ్లు, తలలు లెక్కపెట్టాను. చెనక్కాయ పీకే పనికి పోతున్నారు. మామ చెయ్యెత్తి ఆపాడు. ఆటోను స్టేషనుకు పట్టుకుపోయే అధికారం ఆయనకుంది. పట్టుకుపోతే వాళ్లకు ఆ రోజు పని లేనట్టే. వెనక వేలాడుతున్న పెద్దావిడ ఆ మాటే అడిగేసింది: "ఎనిమిది దాటితే రైతు ఎనక్కి పొమ్మంటాడు సారూ. మా ఇంట్లో పొయ్యి నువ్వొచ్చి ముట్టిస్తావా?"

"వదిలెయ్ మామా" అన్నాను మెల్లగా.

"పామిడి రోడ్డులో ఇట్లాంటి ఆటోనే పల్టీ కొట్టింది అల్లుడూ. చెప్పులు ఏరినోన్ని నేను. ఏ జత ఎవరిదని ఇంటింటికీ పోయి అడిగినోన్ని నేను" అన్నాడు.

డ్రైవరుకు చలానా రాశాడు. లైసెన్సు జేబులో పెట్టుకున్నాడు. ఏడుగురిని దింపి, మిగతావాళ్లను ముందు చేను దగ్గర దిగబెట్టి రమ్మని పంపించాడు. తుమ్మచెట్టు కింద, పలచటి నీడలో అందరం నిలబడ్డాం. వాడు తిరిగి రాకపోతే ఎట్లా అని అడిగాను. "వాని పెండ్లాన్ని ఈడ దింపుకున్నా కదప్పా, రాకుండా యాడికి పోతాడు?" అన్నాడు మామ. ఆ పెండ్లామే అందుకుంది: "నన్ను వదిలించుకునేకి ఇంతకంటే మంచి పొద్దు దొరకదనుకుంటాడేమో సారూ!" అందరూ నవ్వారు. ఎవరో సద్దిమూట విప్పి నాకు సగం జొన్నరొట్టె, కాస్త ఊరిబిండి పచ్చడి పెట్టారు. స్టేషను నుంచి ఫోను వస్తే మామ "దారిలో ఉండా సార్" అన్నాడు. రెండోసారి మోగితే ఎత్తలేదు. ఏడూ నలభై ఐదుకు నవ్వులు ఆగిపోయాయి. మామ జేబులోంచి లైసెన్సు తీసి చూసి, మళ్లీ పెట్టుకున్నాడు.

ఏడూ యాభైకి దుమ్ములో ఆటో కనిపించింది. "అయ్యో, వచ్చినాడే!" అంది పెండ్లాం, అందరికంటే ముందు ఎక్కుతూ. అది చేను చేరేసరికి ఎనిమిదీ ఐదు. రైతు గట్టు మీదే ఉన్నాడు. వెనకే బండి మీద వచ్చిన మామ టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు. "ఆలస్యం నాదప్పా, వీళ్లది కాదు" అన్నాడు. రైతు ఒక క్షణం ఆయన వైపు చూసి, చేలోకి దిగమని వాళ్లకు చెయ్యి ఊపాడు. ఆ పూట స్టేషనులో మామ తిన్న తిట్ల సంగతి నాకు అత్త చెప్పింది.

చలానా నలభై సెకన్లలో వస్తుందని నిన్ననే పరీక్షించి సంతకం పెట్టాను. మామకు ఆ పొద్దు ముప్పావుగంట ఎందుకు పట్టిందో అర్థం కావడానికి నాకు ఇన్నేళ్లు పట్టింది.