దుప్పటి కింద బావ

ఆ రోజుల్లో నాకు ఉద్యోగమంటే మెడలో వేలాడే కార్డే. డిగ్రీ అయిన కొత్తలో, విశాఖలో ఇల్లూ వాకిలీ లేక బయటే పడుకునేవాళ్లను లెక్కపెట్టే తాత్కాలిక పని దొరికింది. ఆ కార్డుతో టీకొట్టుకి వెళ్లినా నా నడక మారిపోయేది (స్నానానికి మాత్రం తీసేవాణ్ణి). మా అక్క మొగుడికి, అంటే మా బావకి, ఇదొక ఉద్యోగంలా కనిపించలేదు. ఆయనది అచ్యుతాపురంలో ఫ్యాక్టరీ పని. కంపెనీ గది ఇచ్చిందని పద్మనాభంలో ఉన్న అక్కకి చెప్పి, ఆదివారాలు ఇంటికి వచ్చి, జీవితంలో స్థిరపడటం ఎలాగో, అక్కడికి తినడానికెళ్లే నాకు భోజనం పొడుగునా బోధించేవాడు.

జనం లేచి చెదిరిపోకముందే లెక్క తేలాలని మమ్మల్ని తెల్లవారగట్ల పంపేవారు. ఒకరోజు పోర్టు రోడ్డులో, మూసిన షాపుల అరుగు మీద పడుకున్నవాళ్లను పలకరిస్తూ వస్తున్నాను. చివర్లో నిలువునా దుప్పటి కప్పుకున్న మనిషి. వంగి, శిక్షణలో నేర్పినంత మర్యాదగా, "అయ్యా, తమకి సొంతూళ్లో ఇల్లేమైనా ఉందాండీ?" అని అడిగాను.

"ఉందిరా. అక్కడ మీ అక్క ఉంటన్నాది కదేటి," అంది దుప్పటి.

దుప్పటి దిగింది. నా గొంతు పోల్చుకుని, ఇక దాక్కోలేక బయటపడ్డ మా బావ! ఫ్యాక్టరీలో కాంట్రాక్టు మనుషుల్ని తీసేశారట, గదీ దాంతోపాటే పోయిందట. పోర్టు దగ్గర దొరికిన కూలి చేసి, వచ్చింది జీతమని అక్కకి ఇస్తున్నాడట. అంటే ఆ బోధలన్నీ ఈ అరుగు మీంచి లేచొచ్చి చేసినవే (ఆ ఇస్త్రీ చొక్కా ఎక్కడ దాచేవాడో నాకు నేటికీ తెలీదు).

"నన్నూ రాసుకో. నీ పని నువ్వు సెయ్యి. మీ అక్కకి మాత్రం సెప్పకు," అన్నాడు గోడకేసి చూస్తూ.

రాసుకున్నాను. ఆ తర్వాత ఆయన వద్దంటున్నా వినకుండా నా గదికి తీసుకుపోయాను. అక్కకి చెప్పకుండా మాత్రం ఉండలేకపోయాను. మర్నాడు మొదటి బస్సుకే దిగింది. తిడుతుందనుకున్నాను. బావని ఎగాదిగా చూసి, "నువ్వు రోడ్డు మీద పడుకుంటే నాకు అన్నం దిగుద్దనుకున్నావేటి?" అని మాత్రం అంది.

వేరే పని దొరికేదాకా ఆయన నా దగ్గరే ఉన్నాడు, రోజూ నా ఉప్మాకి వంకలు పెడుతూ. ఇప్పుడు చుట్టాలు చేరితే చాలు, "ఈడికి వంట రాక సిక్కిపోతంటే, తోడుగా నానెల్లి ఉన్నాను," అని చెప్పుకుంటాడు. అక్క నావైపు చూడకుండా కూర వడ్డిస్తుంది. నేను అవునవునని తలూపుతాను. కొత్త కార్డు వేసుకు తిరిగిన ఆ కుర్రాడైతే, పాపం, ఎదురు చెప్పకుండా ఉండగలిగేవాడు కాదు.